పమాదం నుంచే ప్రమాదం – ఐదవ శీలం రోడ్డు మీద





ఐదవ శీలం గురించి మన విహారాల్లో ఎప్పుడు మాట్లాడుకున్నా ఇల్లు, ఒళ్ళు, పరువు – ఈ మూడింటి దగ్గరే ఆగిపోతాం. తాగితే ఇల్లు గుల్లవుతుంది. ఒళ్ళు పాడవుతుంది. నలుగురిలో పరువు పోతుంది. అన్నీ నిజాలే. ఈ పాఠంలో నాలుగోది చూద్దాం. అది రోడ్డు. తాగినవాడు బండెక్కితే వాడి ఇల్లొక్కటే కూలదు. ఎదురుగా వచ్చే, వాడెవడో కూడా తెలియని మనిషి ఇల్లు కూడా కూలుతుంది.

తాగి బండి నడపడం గురించి మాట మొదలెడితే ఒక అంకె దగ్గరకు వస్తాం. ఆ అంకె 30. మన చట్టం గీసిన గీత అది. చాలా దేశాలు తమ గీతను కిందికి దించుకుంటున్నాయి. మన దగ్గరా ఇంకా తగ్గించాలని కొందరంటారు, ఉన్నదాన్నే అమలు చెయ్యలేనప్పుడు తగ్గించి ఏం లాభమని కొందరంటారు. ఈ అంకెను ధమ్మం వైపు నుంచి ఎలా చూడాలి? ఇదే ఈ పాఠం.

1. మాటలోనే ఉంది అసలు సంగతి

ఐదవ శీలంలో మత్తు పదార్థాలకు మూడు పాళీ మాటలున్నాయి. సురా అంటే ధాన్యం, పిండి పులియబెట్టి చేసేది. మేరయ అంటే పూలు, పళ్ళు, బెల్లం లాంటివి పులియబెట్టి చేసేది. మజ్జ అంటే మత్తెక్కించేది ఏదైనా. మన మద్యం అనే మాట అదే. కాబట్టి "బ్రాందీ తాగను గానీ తాటికల్లు తాగుతాను, అది చెట్టు నుంచి వచ్చిందే కదా" అనడానికి వీల్లేదు. సీసాలోది, ముంతలోది ఒకటే లెక్క.

ఆ మూడు మాటల తర్వాత నాలుగో మాట వస్తుంది. పమాదట్ఠానం. పమాదానికి చోటు ఇచ్చేది అని అర్థం. పమాదం అంటే ఎరుక తప్పడం, ఏమరుపాటు. మద్యం, మదం, పమాదం – మూడింటికీ మూలం ఒకటే ధాతువు. పాళీలో పమాదం అన్నదే సంస్కృతంలో ప్రమాదం. మన తెలుగులో ఆ మాటకు యాక్సిడెంట్ అనే అర్థం స్థిరపడింది. రోజూ పేపర్లో "రోడ్డు ప్రమాదం" అని చదువుతున్నాం. ఐదవ శీలంలోని మాటనే చదువుతున్నామని మనకు తట్టదు.

ఇక్కడ తేడా గమనించండి. పేపర్లో ప్రమాదం అంటే లోపల జరిగిన ఏమరుపాటుకు బయట కనిపించే ఫలితం. తథాగతుడు పమాదం అన్నది ఆ లోపలి కారణాన్ని. కారణం ఉంటే ఫలితం ఉంటుంది, కారణం ఆగితే ఫలితం ఆగుతుంది. పటిచ్చ సముప్పాదాన్ని ఇంతకంటే తేలిగ్గా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు. "టైం బాగాలేదు", "తలరాత", "అమావాస్య పూట బయల్దేరాడు" అనే మాటలకు ఇక్కడ చోటు లేదు. గ్లాసు పట్టుకున్న చెయ్యి, తాళం తిప్పిన చెయ్యి ఒకటే.

2. చట్టం ఏమంటోంది

మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. అందులో 185వ సెక్షన్ తాగి నడపడం గురించి. బ్రీత్ ఎనలైజర్ పరీక్షలో 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు దాటి ఆల్కహాల్ ఉన్నట్టు తేలితే నేరం. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్ళీ దొరికితే రెండేళ్ళ దాకా జైలు, లేదా 15,000 జరిమానా, లేదా రెండూ. 2019 సవరణకు ముందు మొదటిసారి జరిమానా 2,000 మాత్రమే ఉండేది.

ఈ 30 అందరికీ ఒకటే. సొంత స్కూటీ మీద మార్కెట్‌కి వెళ్ళే మనిషికీ 30. పదిమంది పిల్లల్ని ఎక్కించుకుని స్కూలుకు వెళ్ళే ఆటో తమ్ముడికీ 30. పాతిక టన్నుల లోడుతో వెళ్ళే లారీ డ్రైవర్‌కీ 30. విమానం నడిపే పైలట్‌కి మాత్రం డ్యూటీ ముందు చేసే శ్వాస పరీక్షలో సున్నా రావాలి. లేకపోతే విమానం ఎక్కనివ్వరు. విమానంలో కూర్చున్నవాడి ప్రాణానికి సున్నా అడిగి, ఆటోలో కూర్చున్న కూలీ తల్లి ప్రాణానికి 30 చాలంటే, ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో మనం అడగాలి.

ఇంకో సంగతి. మన 30 ప్రపంచంలో పెద్ద అంకెల్లో ఒకటేం కాదు. ఇంగ్లండులో గీత 80. అమెరికాలో ఒక్క యూటా రాష్ట్రం తప్ప మిగతా అంతా 80. జపాన్ 2002లో 50 నుంచి 30కి దించింది. దక్షిణ కొరియా 2019లో 50 నుంచి 30కి దించింది. స్వీడన్ 1990లోనే 20కి దించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా మామూలు డ్రైవర్లకు 50, కుర్ర డ్రైవర్లకు 20. అంటే కాగితం మీద మన చట్టం ఇంగ్లండు కంటే చాలా కఠినం. అయినా 2022లో మన దేశం రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. రోజుకు 460 మందికి పైగా. అన్నీ తాగుడు చావులు కావు. కానీ కాగితం మీది అంకె తనంతట తాను ప్రాణం కాపాడదని అర్థం చేసుకోవడానికి ఇది చాలు.

3. ఒక లెక్క వేసి చూద్దాం

కైకలూరు దగ్గర ఒక లంక గ్రామంలో పంచశీల మీద మాట్లాడుతుంటే చేపల బండి నడిపే తమ్ముడొకడు లేచి అడిగాడు. "అన్నా, నేను బండి మీదుండగా ముట్టనండి. రాత్రి తిని, తాగి, పడుకుంటానండి. తెల్లారి లేచి, శుభ్రంగా స్నానం చేసి, కాఫీ తాగి బండెక్కుతానండి. ఇందులో తప్పేంటండి?"

నిజాయితీగా అడిగిన ప్రశ్న. అందుకే లెక్కతోనే జవాబు చెప్పుకుందాం.

క్వార్టర్ బాటిల్ అంటే 180 మిల్లీలీటర్లు. మన బ్రాందీ, విస్కీల్లో ఆల్కహాల్ 42.8 శాతం. అంటే ఒక క్వార్టర్‌లో సుమారు 60 గ్రాముల అసలు ఆల్కహాల్ ఉంటుంది. 60 కిలోల మగమనిషి ఒంట్లోకి ఇది వెళ్తే రక్తంలో సుమారు 150 దాకా చేరుతుంది. చట్టం గీతకు అయిదింతలు. ఒక్క 60 మిల్లీలీటర్ల పెగ్గే అతన్ని 50 దగ్గరకు తీసుకెళ్తుంది. స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా ఒక్కటి 90 దాకా తీసుకెళ్తుంది. బరువు తక్కువున్న మనిషికి, ఆడమనిషికి ఇంకా ఎక్కువ. మనిషిని బట్టి, తిన్న తిండిని బట్టి కొంత అటూ ఇటూ అవుతుంది గానీ, లెక్క ఇదీ.

ఇప్పుడు దిగడం చూడండి. ఎక్కిన ఆల్కహాల్‌ని కాలేయం గంటకు సుమారు 15 చొప్పున మాత్రమే దించుతుంది. రాత్రి పదింటికి 150 ఉంటే, పొద్దున్న ఆరింటికి ఇంకా 30 దగ్గర ఉంటుంది. పూర్తిగా పోయేసరికి ఎనిమిది. చన్నీళ్ళ స్నానం, కాఫీ, మజ్జిగ, నిమ్మరసం – వీటిలో ఏదీ కాలేయాన్ని తొందరపెట్టలేదు. స్నానం చేసింది ఒళ్ళు మాత్రమే, రక్తం స్నానం చెయ్యలేదు. రాత్రి హాఫ్ తాగినవాడు మర్నాడు మధ్యాహ్నానికి కూడా గీత కిందికి రాకపోవచ్చు.

ఆ తమ్ముడు బండెక్కేది తెల్లవారుజామున నాలుగింటికి. అప్పటికి ఒంట్లో సుమారు 60. వాడికి తూలుడు లేదు, మాట తడబడదు. "దిగిపోయింది" అనే అనుకుంటాడు. దిగలేదు.

మరి 30 లోపు ఉంటే ఫర్వాలేదా? అదీ కాదు. 20 దగ్గరే కదిలే వస్తువును కన్ను వెంబడించడం మందగిస్తుందని, ఒకేసారి రెండు పనుల మీద ధ్యాస పెట్టడం తగ్గుతుందని పరిశోధనలు చెప్పాయి. బండి నడపడమంటేనే ఒకేసారి నాలుగు పనులు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బండి సెకనుకు 16 మీటర్లకు పైగా పోతుంది. బ్రేకు మీద కాలు అర సెకను ఆలస్యంగా పడితే బండి 8 మీటర్లు ముందుకు పోయినట్టే. రోడ్డు దాటే పిల్లాడికి, బండికి మధ్య ఉండే దూరం చాలాసార్లు ఆ 8 మీటర్లే.

కాబట్టి మొదటి మాట గట్టిగా గుర్తు పెట్టుకోండి. 30 అనేది శిక్ష మొదలయ్యే గీత. క్షేమం ఆగిపోయే గీత అంతకంటే చాలా ముందే ఉంది. 29 దాకా తాగొచ్చని చట్టం ఎవరికీ అనుమతి ఇవ్వలేదు. 30 దాటితే శిక్షిస్తానని మాత్రమే చెప్పింది. శిక్ష లేని చోటల్లా తప్పు లేదనుకోవడం చట్టాన్ని కూడా సరిగ్గా చదవకపోవడమే.

4. నాగుణ్ణి గెలిచినవాడు నీరుకట్టె ముందు

"నాకు ఇరవై ఏళ్ళ సర్వీసు. ఎంత తాగినా స్టీరింగ్ వణకదు" అనేవాళ్ళు ప్రతి స్టాండులో ఉంటారు. వాళ్ళ కోసం వినయ పిటకంలో ఒక కథ ఉంది. భిక్షువులకు మద్యం నిషేధించే నియమం పుట్టిందే ఈ సంఘటన నుంచి.

సాగతుడనే భిక్షువు గొప్ప శక్తి సాధించినవాడు. ఒక ఊరి దగ్గర జనాన్ని హడలగొట్టే నాగుణ్ణి ఒంటరిగా ఎదిరించి లొంగదీశాడు. ఆ వార్త కోసంబి అంతా పాకింది. ఆయన భిక్షకు వచ్చినప్పుడు జనం అభిమానం కొద్దీ ఇంటింటా సారా పోశారు. అందరింటా తాగిన సాగతుడు నగర ద్వారం దగ్గర పడిపోయాడు. భిక్షువులు ఆరామానికి మోసుకొచ్చి, తల బుద్ధుడి వైపు ఉండేలా పడుకోబెట్టారు. ఆయన మత్తులో తిరిగి, కాళ్ళు బుద్ధుడి వైపు చాపాడు. అప్పుడు తథాగతుడు కోప్పడలేదు. భిక్షువుల్ని ప్రశ్నలు అడిగాడు. ఇతనికి ఇంతకు ముందు నా పట్ల గౌరవం ఉండేదా? ఉండేది. ఇప్పుడుందా? లేదు. నాగుడితో పోరాడింది ఇతనేనా? ఇతనే. ఇప్పుడు నీళ్ళలో తిరిగే మామూలు పాముతోనైనా పోరాడగలడా? లేడు.

కొల్లేరు జనానికి ఈ ప్రశ్న వివరించక్కర్లేదు. నీరుకట్టెను మన పిల్లలు తోకపట్టి విసిరేస్తారు. నాగుణ్ణి గెలిచినవాడు దాని ముందు కూడా నిలబడలేడు. అంత విద్య ఏమైంది? ఎక్కడికీ పోలేదు. విద్యను వాడే ఎరుక పోయింది. ఇరవై ఏళ్ళ సర్వీసు కూడా అంతే. తాగిన రోజున ఆ సర్వీసు బండిలో ఉండదు, లైసెన్సు కార్డు మీద మాత్రమే ఉంటుంది.

ఇంకొకటి కూడా ఈ కథలో ఉంది. సాగతుడికి సారా పోసింది శత్రువులు కాదు, అభిమానులు. మన డ్రైవర్లకు పోసేది కూడా చాలాసార్లు అభిమానులే. పెళ్ళివారు, లోడు తొందరగా చేరాలనే సేటు, "ఒక్క పెగ్గే కదరా" అనే బావమరిది.

5. గీత దించితే ప్రాణాలు నిలుస్తాయా?

నిలుస్తాయి, కానీ ఒక షరతు మీద. రెండు చోట్ల జరిగింది పక్కపక్కన పెట్టి చూద్దాం.

అమెరికాలో యూటా రాష్ట్రం 2018 డిసెంబర్ 30 నుంచి గీతను 80 నుంచి 50కి దించింది. తర్వాత అక్కడి జాతీయ రహదారి భద్రతా సంస్థ లెక్క తీస్తే, 2016తో పోల్చినప్పుడు 2019లో యూటాలో ప్రాణాంతక ప్రమాదాల రేటు సుమారు 20 శాతం తగ్గింది. అదే కాలంలో మిగతా దేశంలో తగ్గింది 6 శాతం లోపే. తాగే అలవాటున్న వాళ్ళలో ఐదుగురికి ఒకరు, చట్టం మారాక తమ పద్ధతి మార్చుకున్నామని, బండి వేరేవాళ్ళకు ఇస్తున్నామని చెప్పారు.

స్కాట్లాండ్ 2014 డిసెంబర్ 5న అదే పని చేసింది. 80 నుంచి 50. పరిశోధకులు రెండేళ్ళ లెక్కలు చూస్తే ప్రమాదాలు తగ్గలేదు. పోలీసు తనిఖీలు పెరగకపోవడం ఒక కారణమని వాళ్ళు అభిప్రాయపడ్డారు. గీత మారింది, దాన్ని చూసే కన్ను మారలేదు.

అంకె ఒకటే, ఫలితం వేరు. అంటే గీత దించడం, తనిఖీ చెయ్యడం, జనం మనసు మారడం – ఈ మూడూ ముక్కాలి పీట కాళ్ళు. ఒకటి లేకపోయినా పీట నిలవదు.

మరి నేరుగా సున్నా చేసెయ్యొచ్చు కదా అంటారా? దానికి ఒక ఆచరణ ఇబ్బంది ఉంది. దగ్గు సిరప్ తాగినా, నోరు పుక్కిలించే మందు వాడినా కాసేపు నోట్లో ఆల్కహాల్ ఆవిరి ఉంటుంది, మిషన్ చూపిస్తుంది. పావుగంట, ఇరవై నిమిషాలు ఆగి మళ్ళీ ఊదిస్తే పోతుంది. ఇలాంటి వాటి వల్ల నిర్దోషి ఇరుక్కోకూడదనే కొన్ని దేశాలు సున్నాకు బదులు 20 దగ్గర గీత పెట్టుకున్నాయి. కాబట్టి మన కోరిక న్యాయంగా, స్పష్టంగా ఉండాలి: మనుషుల్ని, లోడును మోసే బండ్లకు, కొత్తగా లైసెన్సు తీసుకున్న కుర్రాళ్ళకు గీత 20 లేదా అంతకంటే తక్కువ చెయ్యాలి, రెండోసారి ఊదించే హక్కు డ్రైవర్‌కు ఉండాలి. అది చట్టం పని. శీలం తీసుకున్న మనకు మాత్రం గీత ఎప్పుడూ సున్నాయే. మిషన్‌కు ఇబ్బందులుంటాయి, మన మనసుకు లేవు.

6. పోయేది ఎవరు?

2022లో రోడ్ల మీద చనిపోయినవాళ్ళలో 44 శాతానికి పైగా టూవీలర్ల మీద ఉన్నవాళ్ళు. 19 శాతానికి పైగా నడిచివెళ్ళేవాళ్ళు. రెండూ కలిపితే ప్రతి ముగ్గురిలో దాదాపు ఇద్దరు. ఎయిర్ బ్యాగులున్న కార్లలో తిరిగేవాళ్ళు కాదు వీళ్ళు. పొలం నుంచి వచ్చే కూలీ, సైకిల్ మీద చేపలమ్మే మనిషి, బస్సు కోసం నిలబడ్డ ఆడపిల్ల. మన పేటల జనం.

2006లో ముంబయిలో తాగి కారు నడిపిన ఒకతను ఫుట్‌పాత్ మీద నిద్రపోతున్న కూలీల మీదికి ఎక్కించాడు. ఏడుగురు చనిపోయారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఇది ఉత్త నిర్లక్ష్యం కాదు, ప్రాణం పోవచ్చని తెలిసి చేసిన నేరమని కోర్టు 2012లో తేల్చి, మూడేళ్ళ జైలు ఖాయం చేసింది. "తెలిసి చేసిన" అనే మాట ముఖ్యం. తాగేటప్పుడు ఎరుక ఉంది. ఆ ఎరుకతోనే ఎరుకను పోగొట్టుకున్నాడు. బాధ్యత అక్కడే మొదలవుతుంది. బౌద్ధంలో చేతన అని మనం చెప్పుకునేది కూడా ఇదే.

మన రాష్ట్రంలోనే చూడండి. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్ళే స్లీపర్ బస్సు కాలిపోయింది. 19 మంది ప్రయాణికులు చనిపోయారు. పోలీసులు చెప్పిన ప్రకారం అంతకు కాసేపటి ముందే ఒక బైకు డివైడర్‌ను గుద్దుకుని పడింది. నడిపిన కుర్రాడు అక్కడే చనిపోయాడు. రోడ్డు మధ్య పడిన ఆ బైకును బస్సు ఈడ్చుకుపోయింది, మంటలు లేచాయి. బైకు నడిపిన కుర్రాడు తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. బస్సులో ఉండాల్సిన భద్రత ఉందా లేదా అనేది వేరే ప్రశ్న, అదీ అడగాల్సిందే. కానీ కారణాల గొలుసు ఎక్కడ మొదలైందో చూడండి. బస్సులో నిద్రపోతున్నవాళ్ళలో ఒక్కరికి కూడా ఆ కుర్రాడు తెలియదు. "నా డబ్బు, నా ఒళ్ళు, నా ఇష్టం" అనే మాట ఎంత అబద్ధమో ఈ ఒక్క రాత్రి చాలు.

7. మన రోడ్లు, మన కోరికలు

మన ప్రాంతం రోడ్ల ప్రాంతం. పదహారో నంబర్ జాతీయ రహదారి ఏలూరు పక్కనుంచే పోతుంది. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్‌కి, రైసు మిల్లులకి రాత్రీ పగలూ లారీలే. కైకలూరు, ఆకివీడు వైపు నుంచి ఐసులో పెట్టిన బొచ్చె, శీలావతి బెంగాల్ దాకా, ఈశాన్య రాష్ట్రాల దాకా వెళ్తాయి. ఐసు కరిగేలోపు చేరాలి అనేది డ్రైవర్ తల మీది కత్తి. ఏలూరు నుంచి కైకలూరుకు కొల్లేరు మధ్యగా వెళ్ళే రోడ్డు మీద చాలా చోట్ల అటూ ఇటూ నీళ్ళే. అక్కడ అర సెకను పొరపాటు జరిగితే బండి ఆగేది చెట్టుకు కాదు, చెరువులో.

సంక్రాంతి మూడు రోజులు, కోడిపందేల బరుల దగ్గర నుంచి రాత్రిళ్ళు ఇళ్ళకు వచ్చే బండ్లు మీకు తెలుసు. కొల్లేటికోట జాతర రోజులూ తెలుసు. తనిఖీ ఎప్పుడు, ఎక్కడ కావాలో పోలీసుల కంటే మనకే బాగా తెలుసు.

జాతీయ, రాష్ట్ర రహదారుల పక్కన 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదని సుప్రీంకోర్టు 2016 డిసెంబర్ 15న చెప్పింది. తర్వాత 20,000 లోపు జనాభా ఉన్న ఊళ్ళ దగ్గర దాన్ని 220 మీటర్లకు తగ్గించింది. 2017 జులైలో మున్సిపల్ పరిధిలో ఆ నిషేధం వర్తించదని వివరణ ఇచ్చింది. అంటే ఏలూరు, తాడేపల్లిగూడెం లాంటి ఊళ్ళ లోపల ఆ రక్షణ లేదు. పట్నంలోకి రాగానే రోడ్డు మీద మత్తు తగ్గుతుందా? ఈ ప్రశ్న కూడా మనం అడగాలి.

185వ సెక్షన్ మార్చడం పార్లమెంటు పని. దానికి ఎంపీలకు వినతి పత్రాలివ్వాలి. కానీ ఈలోపు జిల్లా స్థాయిలో అడగదగినవి ఉన్నాయి:

– కలపర్రు, ఉంగుటూరు టోల్ ప్లాజాల దగ్గర తెల్లవారుజామున కూడా బ్రీత్ ఎనలైజర్ తనిఖీ. రాత్రి తాగినవాడు పొద్దున్నే దొరుకుతాడని పై లెక్కలో చూశాం.

– ఆర్టీసీ డిపోలో డ్రైవర్ డ్యూటీ ఎక్కే ముందు ఊదించే పద్ధతిని స్కూలు బస్సులకు, ఆటోలకు, చేపల లోడింగ్ దగ్గరకు తేవడం.

– కారుకీ ఆటోకీ ఒకే తనిఖీ. ఆటో ఆపి, పెద్ద కారు వదిలేస్తే అది చట్టం కాదు, పాత కులధర్మమే.

– పద్నాలుగు, పదిహేను గంటలు డ్రైవర్‌తో బండి నడిపించి, నిద్ర ఆపుకోవడానికి మందే దారి చేసిన యజమాని మీద కూడా చర్య. మత్తు వ్యాపారం ఉపాసకుడు చెయ్యకూడని అయిదు వ్యాపారాల్లో ఒకటని తథాగతుడు చెప్పాడు. జీతంలో భాగంగా సీసా ఇచ్చే యజమాని కూడా ఆ వ్యాపారంలో భాగస్వామే.

"మన మాట ఎవరు వింటారు" అనుకోకండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారా దుకాణాన్ని మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధం ఎత్తేశారు. ఇందులో రెండు పాఠాలున్నాయి. పేదింటి ఆడవాళ్ళు తలుచుకుంటే ప్రభుత్వం దిగివస్తుంది. ప్రభుత్వం ఇచ్చిన నిషేధాన్ని ప్రభుత్వమే వెనక్కి తీసుకోగలదు. మనం తీసుకున్న శీలాన్ని మాత్రం ఏ ప్రభుత్వమూ ఎత్తెయ్యలేదు.

8. మన ఇంటి నుంచి

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ తన జనంతో ఇరవై రెండు ప్రతిజ్ఞలు చేయించారు. మద్యం తాగననేది వాటిలో ఒకటి. రాజ్యాంగం 47వ అధికరణ కూడా మత్తు పానీయాల నిషేధానికి రాజ్యం ప్రయత్నించాలని చెబుతుంది.

అందుకే చేదైనా ఒక మాట చెప్పుకోవాలి. ఏప్రిల్ 14న నీలి జెండా కట్టిన బైకు మీద, జేబులో సీసా పెట్టుకుని, ముగ్గురు కూర్చుని కేకలేస్తూ పోయే కుర్రాళ్ళను చూస్తున్నాం. వాళ్ళు మన పిల్లలే. కోపంతో తరిమేస్తే మారరు. ర్యాలీ కమిటీ ముందు రోజే కూర్చుని "తాగినవాడికి జెండా ఇవ్వం, తాళం ఇవ్వం" అని నిర్ణయం చేసి, ప్రతి పేటకు ఇద్దరు బాధ్యుల్ని పెడితే మారతారు. పెళ్ళికి బండి మాట్లాడేటప్పుడు అద్దె ఎంతని అడుగుతాం. డ్రైవర్ భోజనం ఎక్కడ, పడక ఎక్కడ అని కూడా అడుగుదాం. బుద్ధ పూర్ణిమకు గుంటుపల్లి కొండకు ట్రాక్టరు కట్టినా ఇదే పద్ధతి.

తాగి ఉన్న మనిషి దగ్గర తాళం తీసుకోవడం అవమానించడం కాదు. "అన్నా, ఈ రాత్రికి ఇక్కడే పడుకో, పొద్దున్న టిఫిన్ చేసి వెళ్దువుగాని" అనడం మైత్రి. వాడు తిట్టొచ్చు. తిట్లు తెల్లారేసరికి పోతాయి, ప్రాణం పోతే రాదు. అలవాటు వదల్లేకపోతున్నవాడిని డి-అడిక్షన్ సెంటర్‌కు తీసుకెళ్ళడం కూడా మన పనే. రోగిని అసహ్యించుకోమని ధమ్మం ఎక్కడా చెప్పలేదు.

చర్చకు ప్రశ్నలు

1. పమాదం, ప్రమాదం – ఈ రెండు మాటల సంబంధాన్ని మీ ఊళ్ళో జరిగిన ఒక సంఘటనతో వివరించండి.

2. రాత్రి తొమ్మిదింటికి ఒకరి రక్తంలో 120 ఉంది. గంటకు 15 చొప్పున దిగితే 30 గీత దగ్గరకు ఎప్పుడొస్తాడు? సున్నాకు ఎప్పుడొస్తాడు? వాడి స్కూలు ఆటో ఏడున్నరకు బయల్దేరాలంటే మీరేం చేస్తారు?

3. సాగతుడి కథలో సారా పోసినవాళ్ళ బాధ్యత ఎంత?

4. మీ పేట నుంచి బయటకు వెళ్ళే రోడ్లలో తనిఖీ అవసరమైన చోటు, సమయం రాసి, ఎస్పీ గారికి ఇవ్వడానికి వినతి పత్రం తయారు చెయ్యండి.

మహా పరినిర్వాణానికి ముందు తథాగతుడు చెప్పిన చివరి మాట అప్పమాదం గురించే. ఎరుకతో ఉండమనే. దాన్ని విహారంలో కళ్ళు మూసుకుని సాధన చేస్తాం. ఇకనుంచి బండి తాళం చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ కళ్ళు తెరిచి కూడా సాధన చేద్దాం. చట్టం గీత 30 నుంచి కిందికి దిగేదాకా అడుగుదాం, మన గీత మాత్రం ఈ పూటే సున్నా దగ్గర గీసుకుందాం.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.